నీళ్లు విసిరిన ఇసుర్రాయి

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో గిర్నీకి జొన్నలు తీసుకెళ్తే ముందు వినబడే ప్రశ్న ఒకటే: "బరకగానా, మెత్తగానా?" జవాబును బట్టి రెండు రాళ్ల మధ్య సందు సరిచేసి మీట నొక్కుతారు. మోటారు అందుకుంటుంది. ఆ మోటారు చేసే పనిని ఒకప్పుడు నీళ్లు చేశాయి. నిజాం రాజ్యంలోనే, ఔరంగాబాదులో.

1956 దాకా ఔరంగాబాదు హైదరాబాదు రాష్ట్రంలోదే. అక్కడ ఖామ్ నది పక్కన, బాబా షా ముసాఫిర్ దర్గాలో ఉంది పన్‌చక్కి. పానీతో తిరిగే చక్కి కాబట్టి ఆ పేరు. 18వ శతాబ్దంలో నిజాం-ఉల్-ముల్క్ కొలువులోని తుర్క్‌తాజ్ ఖాన్ కట్టించాడంటారు. యాత్రికులకు, ఫకీర్లకు, సిపాయిలకు పిండి అక్కడే పట్టేవారు.

నది పక్కనే ఉన్నా ఈ చక్కి నది నీళ్లు ముట్టలేదు. కిలోమీటర్ల అవతలి ఊట నుంచి మట్టి గొట్టాల్లో నీళ్లు తెచ్చారు. నేల కింది గదిలో రెక్కల చక్రాన్ని పడుకోబెట్టారు. దాని నిలువు ఇరుసు కొసనే పై రాయి. మధ్యలో పళ్ల చక్రాలేమీ లేవు. చక్రం ఒక చుట్టు తిరిగితే రాయీ ఒక చుట్టే. హిమాలయాల్లో ఘరాట్లనే నీటి చక్కీలదీ ఇదే పద్ధతి.

మరి మన మూసీ? నాగోలు వంతెన దగ్గర నుంచి మూసారాంబాగ్ వైపు నడుస్తుంటే ఈ ఒడ్డున కూడా చక్రాలు తిరిగి ఉంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది. నీటి చక్రానికి కావలసినవి రెండే: ఎత్తు, నిలకడ. మూసీకి ఆ నిలకడే లేదు. 1908 సెప్టెంబరు 28న ఊరినే ముంచేసింది. ఆ తర్వాతే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఇలాంటి నదికి చక్రం కడితే వానాకాలం కొట్టుకుపోతుంది, ఎండాకాలం ఎండిపోతుంది. ఏటిని వదిలేసి ఊటను నమ్ముకోవడంలోనే పన్‌చక్కి కట్టినవాళ్ల తెలివంతా కనబడుతుంది నాకు.

లెక్క తేలికే. సెకనుకు వెయ్యి లీటర్లు మీటరు ఎత్తు నుంచి పడితే 9.8 కిలోవాట్లు. చక్రం అందులో ఎంత పట్టుకుంటుందో ఇంగ్లండులో జాన్ స్మీటన్ నమూనా చక్రాలతో కొలిచి 1759లో ప్రకటించాడు. కింద నుంచి ప్రవాహం నెట్టే చక్రం మూడో వంతుకు మించి రాబట్టలేదు. పై నుంచి నీళ్లు పడే చక్రం మూడింట రెండొంతులు రాబట్టింది. 1827లో ఫ్రాన్సులో ఫోర్నెరాన్ నీటి టర్బైన్ చేశాడు. తర్వాత అమెరికాలో జేమ్స్ ఫ్రాన్సిస్ దాన్ని మెరుగుపరిచాడు.

ఆ టర్బైన్ల వంశమే నాగార్జునసాగర్ చేరింది. అక్కడి ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లున్నాయి. వాటిలో ఏడు రెండు వైపులా తిరగగలవు. ఒకవైపు తిరిగితే కరెంటు. వెనక్కి తిప్పితే అదే చక్రం దిగువ నీటిని మళ్లీ ఎగువకు తోస్తుంది. పన్‌చక్కి చక్రానికి ఈ రెండో విద్య తెలియదు. సాగర్ కరెంటు గ్రిడ్‌లో కలిసిందంటే దిల్‌సుఖ్‌నగర్ గిర్నీని ఎంతో కొంత నీళ్లే తిప్పుతున్నట్టు.

ఎల్బీనగర్‌లో మాత్రం కథ తిరగబడింది. ఇక్కడి కుళాయిలకు సాగర్ నుంచి కృష్ణా నీళ్లు సాహెబ్‌నగర్ మీదుగా వస్తాయి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. మన ఊరు 500 మీటర్లకు పైనే. వెయ్యి లీటర్లను 300 మీటర్లు ఎత్తాలంటే, పంపుల్లో, గొట్టాల్లో పోయేదాన్ని లెక్కలోకి తీసుకోకున్నా, కనీసం 0.8 యూనిట్ కరెంటు కావాలి. పన్‌చక్కిలో నీళ్లు దిగి పని చేశాయి. ఇక్కడ మనం పని చేసి నీళ్లను ఎక్కిస్తున్నాం.

పన్‌చక్కి ఆవరణలో ఎత్తైన గోడ మీద నుంచి నీళ్లు కింది కొలనులోకి జారుతుంటాయి. మా వీధిలో ఎవరిదైనా ట్యాంకు నిండిపోయి గోడ వెంట నీళ్లు కారుతుంటే ఆ గోడే గుర్తొస్తుంది. గబగబా వెళ్లి వాళ్ల కాలింగ్ బెల్ కొడతాను.