32 గళ్ల లెక్క

విండోస్ కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉండి, దాదాపు ఎవరూ తెరవని పేజీ ఒకటుంది. క్యాలిక్యులేటర్ తెరిచి, ఎడమవైపు పైన ఉన్న మూడు గీతల మీద నొక్కితే ‘ప్రోగ్రామర్’ అన్న పేరు కనిపిస్తుంది. ఈమధ్య వచ్చిన విండోస్‌లో ఆల్ట్, 4 కలిపి నొక్కినా చాలు. మ్యాక్‌లో అయితే కమాండ్, 3. నేను ఆఫీసులో కాఫీ కంటే ముందు తెరిచేది ఈ పేజీనే.

మేముండేది మిన్నియాపొలిస్‌లో. మా కంపెనీ పెద్ద భవనాల పైకప్పుల మీద పెట్టే హీటింగ్, కూలింగ్ యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. వెబ్‌సైట్లు, యాప్‌లు చేసే మిత్రులకు ఈ క్యాలిక్యులేటర్‌తో పెద్దగా పని పడదు. యంత్రాలతో మాట్లాడే మాలాంటి వాళ్లకు మాత్రం ఇది లేకపోతే పూట గడవదు.

ఒక ఉదాహరణ చెబుతాను. జనవరిలో ఇక్కడ బయట మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ మామూలే. పైకప్పు మీది సెన్సర్ ఆ సంగతిని రెండు బైట్లలో, డిగ్రీలో పదో వంతు లెక్కన పంపుతుంది. మాకు తెర మీద కనిపించేది ‘ఎఫ్ఎఫ్38’. దాన్ని హెక్స్ వరుసలో టైప్ చేసి, డెక్ వరుసలో చూడండి. 65,336 అని ఉంటుంది. అంటే 6,533.6 డిగ్రీలు! సూర్యుడి ఉపరితలం కూడా అంత వేడి ఉండదు. ఇప్పుడు ‘క్యూవర్డ్’ అని రాసి ఉన్న బటన్‌ను రెండుసార్లు నొక్కండి. అది ‘డీవర్డ్’ అయి, ‘వర్డ్’ అవుతుంది. డెక్ వరుసలో సంఖ్య మైనస్ 200కు మారిపోతుంది. పదో వంతు తీస్తే మైనస్ 20. సెన్సర్ నిజమే చెప్పింది.

అసలు ఈ క్యాలిక్యులేటర్ మొత్తంలో విలువైనది ఆ ఒక్క బటనే అంటాను నేను. సంఖ్యను ఎన్ని గళ్లలో రాశారో చెప్పేది అదే. క్యూవర్డ్ అంటే 64 గళ్లు, డీవర్డ్ 32, వర్డ్ 16, బైట్ 8. పాత స్కూటర్ల మీటరు గుర్తుందా? 99999 దాటితే మళ్లీ 00000. అదే సున్నాల నుంచి ఒక్క కిలోమీటరు వెనక్కి తిప్పితే 99999 వస్తుంది. కంప్యూటర్ ‘మైనస్ ఒకటి’ని దాచుకునేది సరిగ్గా ఇలాగే. గళ్లు ఎన్నో తెలియకపోతే అది పెద్ద సంఖ్యో, మైనస్ ఒకటో ఎవరూ చెప్పలేరు. ఈ బటన్ ఆలోచన కొత్తదేం కాదు. 1982లో హ్యూలెట్ ప్యాకర్డ్ ప్రోగ్రామర్ల కోసమే 16సి అనే చేతి క్యాలిక్యులేటర్ తెచ్చింది. గళ్ల సంఖ్యను 64 దాకా మనకు కావలసినట్టు పెట్టుకునే వీలు అందులోనే ఉంది.

ఇంకో విచిత్రం, ఈ పేజీలో దశాంశాలు ఉండవు. 7ని 2తో భాగిస్తే 3 అంటుంది. మొదటిసారి చూసినవాళ్లు పాడైపోయిందనుకుంటారు. పూర్ణాంకాలతో ప్రోగ్రామ్ చేసే భాగహారం అంతే మరి.

ఆ మొండి భాగహారమే ఒక్కోసారి కథ చెబుతుంది. బోయింగ్ 787 విమానానికి 248 రోజులు ఆపకుండా కరెంటు అందుతూ ఉంటే జనరేటర్లను నడిపే యూనిట్లు ఒక్కసారిగా చేతులెత్తేయవచ్చని 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ హెచ్చరించింది. సాఫ్ట్‌వేర్ లోపలి కౌంటర్ నిండిపోవడం వల్ల అలా జరుగుతుందని తేల్చింది. అదృష్టవశాత్తు ఆ సంగతి ప్రయోగశాలలోనే బయటపడింది. 248 ఎక్కడిది? సైన్‌తో కలిపి 32 గళ్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 2,147,483,647. దానికి ఒకటి కలిపి, ఒక రోజులో సెకనులో వందో వంతులు ఎన్నో, అంటే 86,40,000తో, క్యూవర్డ్‌లో భాగించండి. సమాధానం 248.

మా ఆఫీసు సంగతికి వస్తాను. పోయినేడాది ఒక సరఫరాదారు నుంచి ఫ్యాన్లను నడిపే చిన్న కంట్రోలర్ తీసుకోవాలనుకున్నాం. పైకప్పు మీద పెడితే పదిహేను, ఇరవై ఏళ్లు అక్కడే ఉండే వస్తువు. దాని పత్రాల్లో సమయాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా, సైన్ ఉన్న 32 గళ్లలో దాస్తామని రాసి ఉంది. ఆ గళ్లు 2038 జనవరి 19న, హైదరాబాద్‌లో పొద్దున 8 గంటల 44 నిమిషాలకు నిండిపోతాయి. మా ఊళ్లో అప్పుడు 18వ తేదీ సోమవారం రాత్రి 9:14.

కొనుగోళ్ల విభాగంలో గుంటూరు ఆయన ఒకరున్నారు. “2038 నాటికి మీరూ నేనూ ఎక్కడుంటామోనండీ, ఇప్పుడెందుకు ఈ గొడవ?” అన్నారు.

“మీ ఇంటి లోను ఎప్పటికి తీరుతుందండీ?” అన్నాను.

“2051.”

“మరి బ్యాంకు వాళ్లు ఆ తేదీని ఏదో ఒక గడిలో రాసుకునే ఉంటారు కదా.”

ఆయన నవ్వారు గానీ ఒప్పుకోలేదు. అప్పుడు నా తెర చూపించి, డీవర్డ్‌లో 7 పక్కన ఏడు ఎఫ్‌లు కొట్టి, ఒకటి కలిపాను. మైనస్ 2,147,483,648. 1970 నుంచి అన్ని సెకన్లు వెనక్కి వెళితే 1901 డిసెంబరు 13, శుక్రవారం, మా ఊరి లెక్కన మధ్యాహ్నం 2:45.

ఏడాది తప్పుగా కనిపిస్తే కనిపించనీ, అసలు చిక్కు వారంతో వస్తుంది. ఆ సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ దినోత్సవం, బడులకు సెలవు. మంగళవారం పొద్దున ఏడింటికి పిల్లలు చలిలో బడికి వచ్చేసరికి ఆ కంట్రోలర్ దృష్టిలో శనివారం, అర్ధరాత్రి దాటి అరగంట. వారాంతం గదా అని హీటింగ్ తగ్గించి కూర్చుంటుంది. మిన్నెసోటా జనవరిలో అలా ఒక రోజు గడిస్తే పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగలడం ఇక్కడ ఇల్లున్న ఎవరికైనా తెలిసిన భయమే. ఈ మాటతో గుంటూరు ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు.

లినక్స్ కెర్నల్ 32 గళ్ల యంత్రాల మీద కూడా ఈ గండం దాటేలా 2020లోనే, 5.6 వెర్షన్‌తో సిద్ధమైంది. కానీ పైకప్పుల మీది చిన్న పెట్టెల్లో లినక్స్ ఉండాలని లేదు, ఉన్నా ఎవరూ అప్‌డేట్ చేయరు.

సరఫరాదారు చూపిన పరిష్కారం నాకు నచ్చింది. అవే నాలుగు బైట్లు, అవే బిట్లు. సైన్ లేకుండా చదువుతారు, అంతే. 8 పక్కన ఏడు సున్నాలు కొట్టి డీవర్డ్‌లో చూస్తే పెద్ద మైనస్, క్యూవర్డ్‌లో చూస్తే మామూలు సంఖ్య. అలా చదివితే 2106 ఫిబ్రవరి దాకా ఢోకా లేదు. అప్పటికి ఆ పైకప్పులే ఉండవు.

ఇంటర్వ్యూలకు వచ్చే మన పిల్లలను నేను ఎఫ్ఎఫ్38 గురించే అడుగుతుంటాను. కష్టమైన అల్గారిథమ్‌లు గడగడా రాస్తారు, దీని దగ్గర మాత్రం కొందరు ఏఐని అడగొచ్చా అంటారు. అడగొచ్చు. కానీ ఎన్ని గళ్లో మనం చెప్పకపోతే అది తనకు తోచింది ఊహించుకుని ధీమాగా జవాబిస్తుంది. పైగా కస్టమర్ యంత్రాల డేటాను బయటి సైట్లలో పెట్టడానికి మా దగ్గర ఒప్పుకోరు. కంప్యూటర్‌లోనే ఉన్న ఈ పాత పనిముట్టుకు ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

కొత్త కంట్రోలర్లు మార్చిన సాఫ్ట్‌వేర్‌తోనే వస్తున్నాయి. అదే సరఫరాదారు నుంచి అంతకుముందు కొని బిగించినవి కొన్ని ఊళ్లో బడుల మీద, ఒక ముసలివాళ్ల ఆశ్రమం మీద ఉన్నాయి. వాటికి నెట్ కనెక్షన్ లేదు. ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కాల్సిందే. చిరునామాల జాబితా గుంటూరు ఆయనే తయారు చేశారు. మంచు కరిగాక మొదలుపెడతాం.