గార్నెట్‌లో తేలని తగవు

కొయ్యూరు, అరకు కొండలున్న తూర్పు కనుమల్లో ఖొండలైట్ ముఖ్యమైన రాయి. విరిగిన ముక్కను ఎండలో తిప్పి చూస్తే దానిమ్మ గింజల్లాంటి ముదురెరుపు పలుకులు కనిపిస్తాయి. అవి గార్నెట్లు. ఆ ఎరుపు ఇనుముది. ఆ ఇనుప పరమాణువు ఒక్కొక్కటీ చిన్న అయస్కాంతమే.

గార్నెట్ స్ఫటికంలో ఆ పరమాణువులున్న చోట్లను గీతలతో కలిపితే, మూలలు పంచుకునే త్రిభుజాల వల వస్తుంది. చిక్కంతా అక్కడే. పొరుగు అయస్కాంతాలు ఎదురెదురు దిశల్లో ఉండాలంటే రెండింటికి ఇబ్బంది లేదు. మూడోది వచ్చిందా, ఒకదానికి ఎదురు తిరిగితే ఇంకోదానితో పేచీ. భౌతిక శాస్త్రంలో ఫ్రస్ట్రేషన్ అంటే ఇదే. ఇనుప గార్నెట్ సుమారు 10 కెల్విన్ల చలిలో ఎలాగో ఒక క్రమానికి వస్తుంది. అవే చోట్లలో గడోలినియం ఉండేలా ప్రయోగశాలలో పెంచిన గడోలినియం గాలియం గార్నెట్‌ను 1 కెల్విన్‌కు బాగా దిగువకు చల్లార్చినా, మామూలు అయస్కాంత క్రమం కనబడదు.

మరి లోపల ఏం జరుగుతోంది? బయటినుంచి కొలిస్తే మొత్తానికి సగటే తెలుస్తుంది. లోపలి సంగతి తెలియాలంటే న్యూట్రాన్లను పంపాలి. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు, అందుకే స్ఫటికంలోకి లోతుగా దూరుతుంది. తనకూ అయస్కాంత గుణం ఉంది, అందుకే లోపలి అయస్కాంతాల వల్ల దారి మళ్లుతుంది. ఏ కోణంలో ఎన్ని మళ్లాయో లెక్కపెడితే వాటి అమరిక తెలుస్తుంది. 1949లో షల్, స్మార్ట్ అనే శాస్త్రవేత్తలు మాంగనీస్ ఆక్సైడ్‌లో ఎదురెదురు అమరికను ఇలాగే చూపారు. మన దేశంలో ఇలాంటి పరిశోధనకు ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ పెద్ద ఆధారం. అది 1985లో మొదలైంది.

మళ్లిన న్యూట్రాన్ల లెక్కను కోణాల వారీగా గీస్తే, క్రమం కుదిరిన స్ఫటికమైతే గ్రాఫులో సన్నని, నిటారైన శిఖరాలు లేస్తాయి. తగవు తేలని స్ఫటికంలో వెడల్పాటి గుట్టలు వస్తాయి. నన్ను కట్టిపడేసేవి ఈ గుట్టలే. శిఖరం లేదు కాబట్టి సమాచారం లేదనుకోవడం పొరపాటు. ఒక అయస్కాంతం ప్రభావం ఎంత దూరపు పొరుగుదాకా పోతుందో గుట్ట వెడల్పే చెబుతుంది.

అయితే ఆ కొలత అంత తేలిక కాదు. మామూలు గడోలినియం న్యూట్రాన్లను విపరీతంగా మింగేస్తుంది. గుట్ట దాకా ఎందుకు, బయటికి వచ్చేవే తక్కువ. అందుకని అంతగా మింగని గడోలినియం-160 ఐసోటోపుతో ప్రత్యేకంగా నమూనా తయారుచేశారు. అలాంటి కొలతలకు కంప్యూటర్ నమూనాలను సరిపోల్చి చూసిన పరిశోధకులు 2015లో ‘సైన్స్’ పత్రికలో ఫలితం ప్రకటించారు: విడివిడిగా ఏ అయస్కాంతమూ నిలకడగా లేకపోయినా, పదేసి గడోలినియం పరమాణువుల వలయాలను తీసుకుంటే, ఒక్కో వలయానికీ ఉమ్మడిగా ఒక దిశ ఉంది.