మోర్మన్ సిస్టర్ మిషనరీలు: 18 నెలల సేవలో వారి దినచర్య ఏమిటి? సవాళ్లు ఏమిటి?

కోల్‌కతాలో 'సిస్టర్' అన్న పిలుపు వినగానే నీలి అంచు తెల్లచీర ధరించిన మిషనరీస్ ఆఫ్ ఛారిటీ సన్యాసినులే ఎవరికైనా గుర్తుకు వస్తారు. మదర్ థెరిసా 1950లో స్థాపించిన ఆ సంఘంలో చేరినవారు జీవితాంతం పేదల సేవకు అంకితమవుతామని వ్రతం పూనుతారు. అదే పిలుపుతో పనిచేసే మరొక వర్గం మహిళలు ప్రపంచంలో ఉన్నారు. వారు మోర్మన్లుగా ప్రసిద్ధమైన 'చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్'కు చెందిన యువతులు. వీరు సన్యాసినులు కారు. 18 నెలలు మతబోధ చేసి, తిరిగి చదువుకో, ఉద్యోగానికో, వివాహానికో మరలివస్తారు.

ఈ చర్చికి భారతదేశంలో తొలి అడుగు పడింది కోల్‌కతాలోనే.

నాడు పురుషులు మాత్రమే

1851లో జోసెఫ్ రిచర్డ్స్ అనే మిషనరీ కలకత్తా చేరుకున్నారు. 1853 ఏప్రిల్‌లో అమెరికా నుండి మరో 13 మంది వచ్చారు. అందరూ పురుషులే. దేశభాషలు రాకపోవడంతో వారు ఎక్కువగా ఐరోపావాసులకే బోధించవలసి వచ్చింది. తమ చర్చి బహుభార్యత్వాన్ని ఆమోదిస్తున్నట్లు 1852లో బహిరంగంగా ప్రకటించడం వారిపై విముఖతను పెంచింది. ఆ ఆచారాన్ని విరమిస్తున్నట్లు చర్చి 1890లో ప్రకటించింది. కానీ అప్పటికి చాలా కాలం ముందే, 1850ల మధ్యనాటికే, కలకత్తా ప్రయత్నం ముగిసిపోయింది.

అవివాహిత మహిళలను అధికారికంగా మిషనరీలుగా పంపడం 1898లో మొదలైంది. ఆ ఏడాది ఐనెజ్ నైట్, జెన్నీ బ్రిమ్‌హాల్ అనే ఇద్దరు యువతులు ఇంగ్లండుకు బయలుదేరారు.

తెలుగువారితో అనుబంధం

కలకత్తా ప్రయత్నం ఆగిన శతాబ్దానికి పైగా గడిచాక, తెలుగునాట ఈ చర్చి వేళ్లూనడానికి ఒక దంపతులు కారకులయ్యారు. సమోవాలో నివసిస్తూ ఈ మతశాఖలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు 1978 డిసెంబరులో ప్రత్యేక మిషనరీలుగా హైదరాబాదు వచ్చి బంధువులకు బోధించారు. ఎల్సీ తండ్రి, బాప్టిస్టు బోధకుడైన శ్రీనివాసం చేసిన అనువాదం ద్వారా 'బుక్ ఆఫ్ మోర్మన్' తెలుగు పాఠకులకు చేరింది. బెంగళూరు కేంద్రంగా 1993లోను, ఢిల్లీ కేంద్రంగా 2007లోను మిషన్లు ఏర్పడ్డాయి. అనేక స్థానిక సంఘాలతో కూడిన 'స్టేక్' భారతదేశంలో మొట్టమొదట 2012లో హైదరాబాదులోనే ఏర్పాటైంది.

గడియారం నడిపే జీవితం

సిస్టర్ మిషనరీ దినచర్యను చర్చి నియమావళి నిర్దేశిస్తుంది. సాధారణంగా ఉదయం 6.30కి మేల్కొనాలి. వ్యాయామం, ప్రార్థన, గ్రంథపఠనం ముగించుకొని బయటకు వెళ్లాలి. ఇళ్లకు వెళ్లి బోధించడం, సంఘ సభ్యులను పరామర్శించడం, సేవాకార్యక్రమాలలో పాల్గొనడంతో పగలు గడుస్తుంది. రాత్రి 10.30కి నిద్రించాలి. బట్టలు ఉతుక్కోవడానికి, సరకులు తెచ్చుకోవడానికి, ఇంటికి ఉత్తరం రాయడానికి వారంలో ఒక రోజు కేటాయిస్తారు.

ఎప్పుడూ ఇద్దరు కలిసే ఉండాలి. శిష్యులను ఇద్దరిద్దరుగా పంపిన సువార్త వృత్తాంతం దీనికి ఆధారం. మదర్ థెరిసా సిస్టర్లు కూడా బయటకు జంటగానే వెళతారు. అయితే మోర్మన్ సిస్టర్ తన సహచరిని ఎంచుకోలేదు. భాష, ఆహారపుటలవాట్లు, స్వభావం వేరైనా ఆమెతోనే ఒకే ఇంట నివసించాలి. పొసగినా, పొసగకపోయినా బదిలీ వచ్చేవరకు సర్దుకుపోవాలి. ఈ బదిలీలను సాధారణంగా ఆరు వారాలకు ఒకసారి పరిశీలిస్తారు.

సవాళ్లు

మొదటిది ఎడబాటు. ఒకప్పుడు తల్లిదండ్రులతో ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే ఫోనులో మాట్లాడనిచ్చేవారు. 2019 ఫిబ్రవరి నుండి వారానికి ఒకసారి మాట్లాడే వీలు కల్పించారు.

రెండవది ఖర్చు. మిషనరీలకు జీతం ఉండదు. ఖర్చును వారో, వారి కుటుంబాలో భరించాలి. స్తోమత లేనివారికి చర్చి నిధి తోడ్పడుతుంది.

మూడవది చట్టపరిధి. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కును రాజ్యాంగంలోని 25వ అధికరణం ఇస్తున్నది. అయితే ఇతరులను మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో స్పష్టం చేసింది. పర్యాటక వీసాపై వచ్చిన విదేశీయులు మతబోధ చేయరాదు. కనుక ఏది బోధ, ఏది ఒత్తిడి అన్న గీతను ప్రతి సంభాషణలోనూ గుర్తెరిగి మసలుకోవలసిందే.

నాలుగవది మహిళగా ఆమె స్థానం. ఈ చర్చిలో పౌరోహిత్యం పురుషులకే పరిమితం. నెలల తరబడి బోధించిన వ్యక్తికి బాప్తిస్మం ఇచ్చే అధికారం సిస్టర్‌కు లేదు. ఆ కార్యానికి సాక్షిగా నిలిచే అవకాశం కూడా మహిళలకు 2019 అక్టోబరులోనే లభించింది. మిషన్ సేవ అర్హులైన యువకులకు కర్తవ్యం, యువతులకు ఐచ్ఛికం. వారి కనీస వయస్సును 2012లో 21 నుండి 19 ఏళ్లకు తగ్గించగానే దరఖాస్తు చేసుకునే యువతుల సంఖ్య గణనీయంగా పెరిగింది.

అందరూ గడువు పూర్తి చేయలేరు. అనారోగ్యం వల్లనో, మానసిక ఒత్తిడి వల్లనో మధ్యలోనే తిరిగివచ్చేవారికి ఇరుగుపొరుగు ప్రశ్నలు మరో పరీక్ష. ఆరోగ్యం సహకరించనివారు ఇంటివద్దనే ఉండి చేయగల సేవామిషన్‌ను చర్చి అందుబాటులో ఉంచింది.

మన కుటుంబాలలో చదువు ముగిసి పెళ్లి మాటలు మొదలయ్యే వయస్సులోనే ఈ 18 నెలలు వస్తాయి. వెళ్లాలా, వద్దా అన్న నిర్ణయంలో విశ్వాసంతో పాటు చదువు, సంపాదన, తల్లిదండ్రుల ఆందోళన కూడా తూగుతాయి. ఇది ఐచ్ఛికమని నియమం చెబుతున్నది. వెళ్లాలని గాని, వెళ్లవద్దని గాని ఇంటివారు, సంఘం ఒత్తిడి చేయనప్పుడే ఆ మాటకు అర్థం ఉంటుంది.