మేస్త్రీ పనిముట్లకు చక్రాలొచ్చిన కథ

ఇల్లు కట్టే పనికి ఒక చిక్కుంది. ఫ్యాక్టరీలో యంత్రం ఒకచోటే ఉంటుంది, సరుకే దాని దగ్గరికి వస్తుంది. ఇంటి పనిలో అంతా తలకిందులు. కట్టడం కదలదు, మనిషీ పనిముట్టూ రోజూ దాని దగ్గరికి పోవాలి. గజ్వేల్ మేస్త్రీకి ఇవాళ ప్రజ్ఞాపూర్‌లో స్లాబు ఉంటే రేపు ములుగులో గోడలు, ఎల్లుండి తూప్రాన్ దారిలో ప్లాస్టరింగు. తాపీ, గుండు, రసమట్టం ఒక సంచిలో పట్టిన రోజుల్లో సుతారి ఆ సంచిని సైకిల్‌కు తగిలించుకుని పోయేవాడు. ఇప్పుడు కట్టర్, డ్రిల్లింగ్ మిషన్, బ్రేకర్, వైబ్రేటర్, కేబుల్ చుట్టలు, పైపు ఫిట్టింగులు అన్నీ కావాలి. వాటిని సైకిల్ మోయలేదు. ఆ బరువు నెత్తికెత్తుకున్నది చిన్న ట్రాలీ. వెనక పెట్టెలు, అరలు బిగించుకుంటే అదే నడిచే కార్ఖానా అవుతుంది.

బండి ఒకరిది, పెట్టె ఇంకొకరిది

మోటారు బండ్లు వచ్చిన కొత్తలో కంపెనీలు చాలావరకు ఇంజనూ చాసీ ఇచ్చి ఊరుకునేవి. వెనక బాడీ కట్టే పని స్థానిక వడ్రంగులది, కమ్మరులది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని క్విన్సీ ఊళ్లో 1848 నుంచి గుర్రపు బండ్లు చేస్తున్న క్నాప్‌హైడ్ కుటుంబం తర్వాత ట్రక్కు బాడీల్లోకి దిగింది. పనివాళ్ల కోసం రెండు పక్కలా తాళం పెట్టెలున్న ట్రక్కు బాడీలకు ఆ సంస్థ నేటికీ పేరున్నదే. 1925లో ఫోర్డ్ కంపెనీ మోడల్-టీ కారుకు వెనక తొట్టి బిగించి, 281 డాలర్లకు ఫ్యాక్టరీ నుంచే అమ్మడం మొదలుపెట్టింది. రైతులు, వడ్రంగులు, ప్లంబర్లు సొంత బండి కొనుక్కునే దారి అలా తెరుచుకుంది.

మన దగ్గర ఈ కథ ఉమ్మడి మెదక్ జిల్లాలోనే ఒక మలుపు తిరిగింది. 1942లో హైదరాబాద్‌లో పుట్టిన ఆల్విన్ సంస్థ ఇనుప బీరువాలు చేసేది, బస్సులకు బాడీలు కట్టేది. 1980లలో జపాన్ కంపెనీల సాయంతో దేశంలో నాలుగు చిన్న ట్రక్కుల ఫ్యాక్టరీలు లేచాయి. డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా మూడూ ఉత్తరాన, మధ్యదేశంలో పుట్టాయి. నాలుగోదైన ఆల్విన్ నిస్సాన్ మన జహీరాబాద్‌లో పుట్టింది. 1986లో టాటా 407 వచ్చి ఈ నలుగురికీ గట్టి పోటీ ఇచ్చింది. 1980ల చివర్లో ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి పోయింది. పెద్ద లారీకీ మూడు చక్రాల ఆటోకూ నడుమ బండ్లు మార్కెట్లో దొరకడం ఆ పోటీ మిగిల్చిన మేలు.

అయినా ఒక మేస్త్రీ స్థోమతకు అవి ఎక్కువే. 2005 మే నెలలో టాటా ఏస్ వచ్చాకే ఆ లోటు తీరింది. రెండు సిలిండర్లు, సుమారు 700 సీసీ డీజిల్ ఇంజన్, 16 హార్స్‌పవర్, ముప్పావు టన్ను మోసే సత్తా. ఇరుకు గల్లీల్లోనూ తిరుగుతుంది. ఊరివాళ్లు దానికి ఛోటా హాథీ అని పేరు పెట్టుకున్నారు.

గజ్వేల్‌కు పని వచ్చిన కాలం

2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రధానమంత్రి మిషన్ భగీరథ తాగునీటి పథకాన్ని ప్రారంభించారు. ఇంటింటికీ నల్లా అంటే ఇంటింటికీ పైపు పనే. అదే ఏడాది డిసెంబరులో ఎర్రవల్లి, నర్సన్నపేటల్లో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు గృహప్రవేశాలు జరిగాయి. మల్లన్నసాగర్ జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్న వాళ్ల కోసం పట్టణం పక్కన ముట్రాజ్‌పల్లి దగ్గర పునరావాస కాలనీ లేచింది. ఇన్ని గోడలు లేచిన చోట సుతారి, సెంట్రింగ్, కరెంటు, ప్లంబింగ్ పనివాళ్లందరికీ పనిముట్ల రవాణా రోజువారీ లెక్కే.

అరల వెనక లెక్కలు

ట్రాలీలో సామాను కుప్పగా పోసుకుంటే జరిగే నష్టం పైకి కనబడదు. అడుగున పడిన బెండు కోసం పైనున్నదంతా దించాలి. దొరక్కపోతే కొత్తది కొనాలి. వానకు డ్రిల్లింగ్ మిషన్ తడుస్తుంది, దుమ్ముకు స్విచ్చు పట్టేస్తుంది. అందుకే వెల్డింగ్ షాపులో పెట్టెలు చేయించాలి. అసలు విజ్ఞానం అక్కడ మొదలవుతుంది.

మొదటి లెక్క పెట్టె బరువు. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న పెట్టెకు దాదాపు 40 చదరపు అడుగుల రేకు పడుతుంది. 1.2 మిల్లీమీటర్ల ఉక్కు రేకైతే ఆ పెట్టె సుమారు 35 కిలోలు తూగుతుంది. ‘గట్టిగా ఉండాలి’ అని 3 మిల్లీమీటర్ల రేకు వేయిస్తే ఒక్కోటి దాదాపు 89 కిలోలు. రెండు పక్కలా రెండు పెట్టెలంటే 177 కిలోలు. 750 కిలోలు మోసే బండిలో నాలుగో వంతుకు దగ్గరగా పెట్టెలకే పోయింది. అంటే మూడున్నర సిమెంటు బస్తాల చోటు ఖాళీ పెట్టెలే తినేశాయన్నమాట. పలచటి రేకు వాడి, మూలల్లో యాంగ్లర్ బలం ఇస్తే సరిపోతుంది. అల్యూమినియం ఖరీదెక్కువే గానీ, అంతే మందంలో ఉక్కు బరువులో మూడో వంతే ఉంటుంది.

రెండో లెక్క బరువు ఎక్కడ కూర్చోవాలన్నది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2.1 మీటర్లు అనుకుందాం. వెనక ఇరుసుకు 70 సెంటీమీటర్లు అవతల, తోక చివర 100 కిలోలు పెడితే వెనక చక్రాల మీద 133 కిలోలు పడతాయి. ముందు చక్రాల మీద 33 కిలోలు తగ్గుతాయి. స్టీరింగు తేలికై, తడి రోడ్డు మీద బండి మాట వినదు. కాబట్టి బ్రేకర్, వైబ్రేటర్ లాంటి బరువులు కిందా, క్యాబిన్ వైపూ ఉండాలి. తలుపు దగ్గర రోజుకు పదిసార్లు తీసే తేలిక సామాను పెట్టుకోవాలి. నిచ్చెనలాంటి తేలికవి తప్ప పైకప్పు మీదికి ఏదీ ఎక్కకూడదు.

మూడోది జడత్వం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేనికో గుద్దుకుని అరమీటరులో ఆగిందనుకోండి. 10 కిలోల బ్రేకర్‌ను అప్పుడు కదలకుండా పట్టి ఉంచడానికే దాదాపు 125 కిలోల బరువంత బలం కావాలి. కట్టకుండా వదిలేస్తే అది అదే వేగంతో డ్రైవర్ వీపు వైపు దూసుకొస్తుంది. ప్రతి అరకూ గొళ్లెం, ప్రతి యంత్రానికీ పట్టీ, క్యాబిన్ వెనక గట్టి అడ్డుగోడ ఉండాల్సింది అందుకే. పీవీసీ పైపులు అంటించే సాల్వెంటు మండే గుణమున్నది. దాని డబ్బాను గాలి తగిలే అరలో, నిప్పురవ్వలు రేపే పనిముట్లకు దూరంగా పెట్టాలి.

ఇక ఇనుప కడ్డీల సంగతి. 12 ఎం.ఎం. కడ్డీ బరువు మేస్త్రీలకు నోటి లెక్కే. మందాన్ని మందంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు 0.89 కిలో వస్తుంది. పన్నెండు మీటర్ల కడ్డీ పదిన్నర కిలోల పైచిలుకు. బరువు పెద్దదేం కాదు, పొడవుతోనే ముప్పు. ఏడడుగుల తొట్టి నుంచి వెనక్కి వేలాడే కడ్డీ చీకట్లో బైకు మీద వచ్చేవాడి పాలిట ఈటె. కడ్డీలకు పొడవైన బండి మాట్లాడుకోవడమే న్యాయం.

చట్టం, మనిషి ప్రాణం

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నమూనాకు భిన్నంగా, రిజిస్ట్రేషన్ వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటనే గట్టిగా చెప్పింది. చాసీ కోసి, తొట్టి పొడిగించి చేసే పనులు ఈ కోవలోకే వస్తాయి. తొట్టిలో బోల్టులతో బిగించే అరలకైనా ముందుగా ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మంచిది. అధిక లోడుకూ, తొట్టి దాటి బయటికి పొడుచుకొచ్చే లోడుకూ 2019 సవరణ 20 వేల రూపాయల జరిమానా పెట్టింది.

అంతకంటే ముఖ్యమైంది ఒకటుంది. పొద్దున్నే అడ్డా మీద కూలీలను ఎక్కించుకుని, సెంట్రింగ్ షీట్ల మీద కూర్చోబెట్టి తీసుకుపోవడం చాలాచోట్ల అలవాటైపోయింది. సరుకు తొట్టి మనుషులు కూర్చునే చోటు కాదు. మనుషులూ సామానూ కలిసి పోవాల్సి వస్తే వెనక సీట్ల వరసున్న బొలెరో క్యాంపర్ లాంటి డబుల్ క్యాబిన్ బండ్లున్నాయి.

గజ్వేల్ మేస్త్రీలకు, వాళ్లకు పెట్టెలు చేసిచ్చే వెల్డింగ్ షాపులవాళ్లకు ఒక విన్నపం. రేకు కోయకముందే కాగితం మీద గీయండి, ప్రతి పనిముట్టునూ తూచి రాసుకోండి. పెట్టెలు బిగించాక ఖాళీ బండిని ఒకసారి, సామానుతో ఇంకోసారి ధర్మకాంటా ఎక్కించండి. ఆ రెండు చీటీలూ బండిలోనే ఉంచండి. రిజిస్ట్రేషన్ కాగితం మీద రాసిన మొత్తం బరువుకు రెండో చీటీ లోబడి ఉంటేనే ఆ బండిని రోడ్డెక్కించండి.