పక్షవాత రోగి భుజసంరక్షణ: ఫిజియోథెరపిస్టు బాధ్యత, కుటుంబం పాత్ర

1. ఉపోద్ఘాతం:
పక్షవాతం బారిన పడిన వ్యక్తి ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన తరువాత సేవాభారం ప్రధానంగా కుటుంబంపైనే పడుతుంది. ఫిజియోథెరపిస్టు కొన్ని వ్యాయామాలు చూపించి పంపితే, మిగిలినవన్నీ ఇంటివారే చేయించగలరనే భావన చాలామందిలో ఉంది. ఇది ఎంతవరకు సమంజసమో భుజసంరక్షణను ఉదాహరణగా తీసుకుని పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

2. భుజం దెబ్బతినే తీరు:
శరీరంలోని కీళ్లన్నిటిలోనూ ఎక్కువగా కదలగలిగేది భుజపు కీలు. దాని గుంట లోతు తక్కువ. చేతి ఎముక తలను అందులో నిలిపి ఉంచేవి ముఖ్యంగా చుట్టూ ఉన్న కండరాలే. పక్షవాతం వచ్చిన తొలి రోజులలో చాలామందికి ఈ కండరాలు పట్టు కోల్పోతాయి. అప్పుడు వేలాడే చేతి బరువే ఎముకను కిందికి జారుస్తుంది. ఆ స్థితిలో రోగిని లేపడానికి ఆ చేతినే పట్టి లాగితే కీలు చుట్టూ ఉన్న కణజాలం గాయపడి నొప్పి మొదలవుతుంది. నొప్పికి భయపడి రోగి వ్యాయామం మానుకుంటాడు, భుజం బిగుసుకుపోతుంది. తలపై కప్పీకి తాడు వేసి, మంచి చేతితో పడిపోయిన చేతిని పైకి లాగించడం కూడా ఇటువంటి హానికే దారితీస్తుంది.

3. ఇంటివారు పాటించవలసినవి:
రోగి కూర్చున్నప్పుడు బలహీనమైన చేయి వేలాడకుండా దిండు ఆసరా ఉంచాలి. లేపేటప్పుడు చేతిని కాక, నడుమును పట్టుకోవాలి. చొక్కా తొడిగేటప్పుడు బలహీనమైన చేతికి ముందు తొడగాలి. విప్పేటప్పుడు మంచి చేతి నుండి ముందు తీయాలి. ఈ జాగ్రత్తలను ఇంటివారి చేత ఒకసారి చేయించి చూసిన తరువాతనే రోగిని ఇంటికి పంపడం ఫిజియోథెరపిస్టు బాధ్యత.

4. కుటుంబం ప్రత్యామ్నాయమా?
మన దేశంలోని 14 ఆసుపత్రులలో 1250 మంది పక్షవాత రోగులపై జరిగిన ‘అటెండ్’ అధ్యయనం 2017లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడింది. అందులో ఒక వర్గానికి సాధారణ చికిత్సతోపాటు, ఇంటివద్ద పునరావాస వ్యాయామాలు చేయించేలా కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చారు. రెండవ వర్గానికి సాధారణ చికిత్స మాత్రమే అందింది. 6 నెలల తరువాత మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిపి రెండు వర్గాలలోనూ 47 శాతంగానే ఉన్నారు.

దీనినిబట్టి కుటుంబసేవ వ్యర్థమని భావించరాదు. ఆ శిక్షణ వృత్తినిపుణుని స్థానాన్ని భర్తీ చేస్తుందని ఆశించడానికి తగిన ఆధారం లేదని మాత్రమే గ్రహించాలి. వారాలు గడిచేకొద్దీ కండరాల పట్టు మారుతుంది. వదులుగా ఉన్న చేయి క్రమంగా బిగుసుకోవచ్చు. మొదటి వారంలో తగిన వ్యాయామం ఆరవ వారానికి తగకపోవచ్చు. ఆ మార్పును గుర్తించి చికిత్సను సవరించడానికి నిపుణుని పునఃపరీక్ష అవసరం.

5. ముగింపు:
భుజాన్ని గాయపడకుండా కాపాడటం కుటుంబం చేయగలిగిన పని. పోయిన కదలికను తిరిగి రాబట్టే చికిత్సను నిర్ణయించడం, సవరించడం ఫిజియోథెరపిస్టు పని. మొదటిది నేర్పి రెండవదాని నుండి తప్పుకోవడం వృత్తిధర్మం కాదు. ఇంటికి పంపే రోజుననే తదుపరి పరీక్ష తేదీని నిర్ణయించి, రోగికి, కుటుంబానికి తెలియజేయడం చికిత్సలో భాగం కావాలి.