కార్కసాన్: కప్పులు కొత్తవి, గోడలు పాతవి

దక్షిణ ఫ్రాన్సులో ఓద్ నది ఒడ్డున, కొండమీద కార్కసాన్ కోట కనబడగానే చాలామంది అనేమాట ఒక్కటే: మధ్యయుగాల ఊరు చెక్కుచెదరకుండా నిలిచిందని. రెండు వరుసల ప్రాకారం, 52 బురుజులు, వాటిపై మొనదేలిన కప్పులు చూస్తే అలాగే అనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే, ఈ కోట నేలమట్టం కాబోయి బతికింది.

1659లో ఫ్రాన్స్, స్పెయిన్ సంధి చేసుకుని సరిహద్దును దక్షిణానికి, పిరనీస్ పర్వతాల దాకా జరిపాయి. దాంతో ఈ కోటకు కాపలా పని పోయింది. పట్టించుకునే నాథుడు లేక గోడలు శిథిలమయ్యాయి. రెండు ప్రాకారాల నడుమ నేతపనివాళ్లు, పేదలు ఇళ్లు వేసుకున్నారు. రాళ్లు కావలసినవాళ్లు పట్టుకుపోయారు. 1850లో ప్రభుత్వం దీన్ని కోటల జాబితా నుంచే కొట్టేసింది. స్థానిక చరిత్రకారుడు క్రో-మేర్‌వియేయ్, పురాతన కట్టడాల ఇన్‌స్పెక్టరూ రచయితా అయిన ప్రాస్పర్ మెరిమే పట్టుబట్టి దీన్ని కాపాడారు. 1853లో వాస్తుశిల్పి వియొలే-ల-డ్యూక్ మొదలుపెట్టిన పునరుద్ధరణ, 1879లో ఆయన పోయాక కూడా చాలా ఏళ్లు సాగింది.

ఈ కథ తెలిసినవాళ్లు మరో అపోహలో పడతారు: 'అయితే ఇదంతా 19వ శతాబ్దపు సినిమా సెట్టింగేనన్నమాట!' కప్పుల విషయంలో వాళ్ల అనుమానానికి కొంత ఆధారం ఉంది. మంచు కురిసే ఉత్తరాదికి నప్పే ఏటవాలు స్లేటు కప్పులు, పెంకుటిళ్ల దక్షిణాదిలో ఎందుకని అప్పట్లోనే విమర్శలొచ్చాయి. ఉత్తరాది రాజులు కట్టించిన బురుజులకు ఉత్తరాది కప్పే ఉంటుందని వియొలే-ల-డ్యూక్ వాదన. గోడల మాట వేరు. ఉత్తరం వైపు ప్రాకారాల మధ్య నడుస్తూ లోపలి గోడను దగ్గరగా చూస్తే చిన్న చిన్న చదరపు రాళ్లు, వాటి మధ్య ఎర్ర ఇటుకల వరుసలు కనిపిస్తాయి. అది రోమన్ల కాలపు పని. తూర్పున నార్బొన్ ద్వారం దగ్గర రాళ్లు పెద్దవి, ముఖాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. అవి 13వ శతాబ్దం చివర మూడో ఫిలిప్ రాజు కట్టించినవి. గైడు చెప్పే అరగంట కథ కన్నా ఈ గోడ ముందు నిలబడిన ఐదు నిమిషాలే ఎక్కువ చెబుతాయి.

దుకాణాల్లో దీన్ని 'కాథార్ల కోట' అంటూ అమ్ముతారు. రోమన్ చర్చి మతద్రోహులుగా ముద్రవేసిన కాథార్లకు ఇక్కడి ప్రభువు రేమండ్-రోజర్ ట్రాంకవెల్ ఆశ్రయమిచ్చిన మాట నిజమే. 1209 ఆగస్టులో క్రూసేడు సైన్యానికి కోట లొంగిపోయింది, ఆయన అదే ఏడాది నవంబరులో చెరలో చనిపోయాడు. కోట లొంగడానికి ముందు నెలలో బెజియే పట్టణంలో జరిగిన ఊచకోత ఇక్కడ జరగలేదు. జనాన్ని కట్టుబట్టలతో వెళ్లగొట్టారు. ఇప్పుడు మనం చూసే వెలుపలి ప్రాకారం ఆ తర్వాత ఫ్రెంచి రాజులు కట్టించింది. అంటే కాథార్లను కాసిన గోడ కాదు, వాళ్లను అణచినవారి గోడ.

ఇక కార్కస్ రాణి. ఫ్రాంకుల రాజు షార్లమాన్ కోటను ఐదేళ్లు ముట్టడిస్తే, ఆమె మిగిలిన గోధుమలన్నీ ఒక పందికి మేపి గోడమీది నుంచి విసిరిందట. లోపల తిండికి లోటు లేదనుకుని శత్రువు వెనుదిరిగాడట. కథ బాగుంది, నార్బొన్ ద్వారం పక్కన ఆమె శిల్పం నకలూ ఉంది. చరిత్రలో మాత్రం ఆమె జాడ లేదు. ఫ్రాంకులు ఈ ప్రాంతాన్ని గెలుచుకున్నది షార్లమాన్ తండ్రి పెపిన్ హయాంలో.

టికెట్ లేనిదే లోపలికి రానివ్వరన్నదీ అపోహే. వీధుల్లో ఎప్పుడైనా తిరగొచ్చు. సెయింట్ నజైర్ చర్చి రంగుటద్దాలు చూడడానికీ రుసుము లేదు. టికెట్ కావలసింది లోపలి ప్రభువుల కోటకూ, ప్రాకారం పైన నడవడానికీ. పగటి బస్సులు వెళ్లిపోయాక ఊరు ఖాళీ అవుతుంది. లోపల కాపురముండేవాళ్లు కొద్దిమందే. ఒక రాత్రి అక్కడ బస చేయడం అందుకే మేలు.

నది అవతలి 'కొత్త' ఊరిలో చూడ్డానికి ఏముందని చాలామంది రైలు దిగి నేరుగా కొండెక్కుతారు. ఆ కొత్త ఊరూ 13వ శతాబ్దానిదే. 1240లో ఇక్కడ జరిగిన తిరుగుబాటు తర్వాత ఫ్రెంచి రాజు తొమ్మిదో లూయీ కోట చుట్టూ ఉన్న పేటలను కూలగొట్టించి, జనాన్ని అక్కడికి తరలించాడు. 1355లో ఇంగ్లండు యువరాజు బ్లాక్ ప్రిన్స్ తగలబెట్టింది దాన్నే, కొండమీది కోట జోలికి పోలేదు. గళ్లు గీసినట్టుండే ఆ వీధుల మధ్య కార్నో కూడలిలో మంగళ, గురు, శనివారాల్లో కూరగాయల సంత జరుగుతుంది. ఊరివాళ్లు సంచులతో వచ్చేది అక్కడికే.