అద్దం మీద మచ్చ మిగలని నీళ్ళు



రాయవేలూరు నుంచి రాణిపేట దాకా, ఇటు గుడియాత్తం, అటు నెమిలి, అరక్కోణం వరకు రోడ్డు వెంట వెళ్తూ చూడండి. ఆసుపత్రులు, కాలేజీలు, నగల కొట్లు, కల్యాణ మండపాలు, అన్నిటికీ ముందువైపు నిలువెత్తు అద్దాలే. పెట్టడం తేలికే. వాటిని శుభ్రంగా ఉంచడమే కష్టం. అందుకే అద్దాలు కడిగే పని ఇప్పుడు ఒక వృత్తిగా నిలబడుతోంది. ఇద్దరు ముగ్గురు కలిసి చిన్న పెట్టుబడితో మొదలుపెట్టుకోదగిన పని ఇది. ఆ పనికి కావలసిన నీళ్ళ గురించి ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

నీళ్ళకు ప్రసంగం ఎందుకూ, బోరు వేస్తే వస్తాయి గదా అని మీరు అనవచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది. మన బోరు నీళ్ళతో అద్దం కడిగి వదిలేయండి. తడిగా ఉన్నంతసేపు తళతళలాడుతుంది. ఎండాక తెల్లటి చుక్కలు తేలుతాయి. ఇంటివారు "ఏం తమ్ముడూ, కడిగినావా, సున్నం చల్లినావా?" అని అడుగుతారు. ఆ కుర్రవాడు ఒళ్ళు వంచి పనిచేసే ఉంటాడు. లోపం అతని చేతిలో లేదు, బకెట్లో ఉంది.

నీళ్ళు నేలలోంచి వచ్చేటప్పుడు రాతిలోని కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాలను కరిగించుకుని తెస్తాయి. తెలుగు వాచకంలో దీన్ని కఠిన జలం అంటాము. తమిళ వాచకంలో కడిన నీర్. మన ఇళ్ళలో మాత్రం ఉప్పునీళ్ళు. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. గిన్నెలో కట్టే పెచ్చూ, అద్దం మీది చుక్కా ఒకటే. నీళ్ళు ఆవిరై పోతాయి, వాటిలోని లవణం పోదు.

నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని టి.డి.ఎస్. అంటారు. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్క. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఇది 500 లోపు ఉండాలి. వేరే దారి లేనిచోట 2,000 వరకు ఒప్పుకుంటారు. మీ బోరు నీటిలో 1,500 ఉందనుకుందాం. అంటే ఒక లీటరు ఎండితే ఒకటిన్నర గ్రాముల పొడి మిగులుతుంది. తాగడానికి 500 మంచి నీళ్ళే కావచ్చు, అద్దానికి మాత్రం కావు. తుడవకుండా వదిలేసినా మచ్చ పడకూడదంటే టి.డి.ఎస్. సున్నాకు దగ్గరగా, 10 లోపు ఉండాలి.

ముందుగా ఒక మాట. కింది అంతస్తు కిటికీలకు ఇంత ఏర్పాటు అక్కర్లేదు. సబ్బునీళ్ళు పూసి, రబ్బరు పట్టీ ఉన్న వైపరుతో పైనుంచి కిందికి లాగి, అంచులు పొడిగుడ్డతో ఒత్తితే చాలు. నీళ్ళు ఎండేలోపే లాగేస్తాము గనుక లవణం మిగలదు. చెయ్యి అందని ఎత్తులోనే శుద్ధమైన నీరు కావాలి. పొడవాటి గొట్టపు కర్ర చివర బ్రష్షు, ఆ బ్రష్షులోంచి నీళ్ళు. రుద్ది, పైనుంచి కడిగి, అలాగే ఆరనివ్వడమే. నిచ్చెన ఎక్కే పని తగ్గుతుంది. ప్రాణానికి అది పెద్ద భద్రత. కాబట్టి మొదట వైపరుతో పని మొదలుపెట్టండి. పై అంతస్తుల పని చేతికి వచ్చాక యంత్రాలు కొనండి. అప్పుచేసి యంత్రం కొని, తర్వాత పని వెతుక్కోవడం మంచి పద్ధతి కాదు.

ఇక నీటిని శుద్ధిచేసే పద్ధతి. మొదటి మెట్టు పరీక్ష. పెన్ను ఆకారంలో టి.డి.ఎస్. మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. అన్నిటికంటే ముందు కొనవలసింది అదే. కాఠిన్యం, ఇనుము ఎంతో తెలియాలంటే తమిళనాడు కుడినీర్ వడికాల్ వారియం వారి ప్రయోగశాలలో నీటిని పరీక్ష చేయించుకోవచ్చు.

రెండో మెట్టు వడపోత. ఇసుక, మట్టి పోవడానికి ఒక వడపోత గొట్టం. మునిసిపాలిటీ నీరైతే దాని తర్వాత బొగ్గు వడపోత తప్పనిసరి. ఆ నీటిలో వేసే క్లోరిన్ తర్వాత వచ్చే పల్చటి పొరను పాడుచేస్తుంది. ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ పెడితే చాలని అమ్మేవారు చెబుతారు. అది కాల్షియాన్ని తీసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. సబ్బు నురగ బాగా వస్తుంది, నిజమే. కానీ టి.డి.ఎస్. తగ్గదు. మచ్చ మిగులుతూనే ఉంటుంది.

మూడో మెట్టు ఆర్.ఓ. ఎండుద్రాక్షను నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది గదా? నీరు దాని తోలు గుండా చిక్కటి రసం ఉన్న వైపుకు పోతుంది. సైన్సు పుస్తకంలో దీని పేరు ద్రవాభిసరణం. తమిళ మీడియం పిల్లలు సవ్వూడు పరవల్ అని చదువుతారు. ఉప్పునీటి వైపు నుంచి గట్టిగా ఒత్తిడి పెడితే ఈ ప్రయాణం తిరగబడుతుంది. నీరు పొర దాటి వస్తుంది, ఉప్పు వెనకే ఉండిపోతుంది. దీనికి పనికివచ్చే పొరను 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి తయారుచేశారు. మంచి పొర నూటికి 95 పాళ్ళ లవణాలను ఆపుతుంది. అంటే 1,500 ఉన్న నీరు 75కు దిగుతుంది. బాగా తగ్గింది గానీ అద్దానికి ఇంకా చాలదు.

నాలుగో మెట్టు రెజిన్. చిన్న చిన్న పూసల్లాంటి పదార్థం ఇది. ఒక రకం పూస కాల్షియం, సోడియం లాంటివాటిని పట్టుకుని హైడ్రోజన్ ఇస్తుంది. రెండో రకం క్లోరైడు, సల్ఫేటు లాంటివాటిని పట్టుకుని హైడ్రాక్సిల్ ఇస్తుంది. ఆ రెండూ కలిస్తే నీరే. బ్యాటరీలో పోసే నీళ్ళను తయారుచేసేదీ ఎక్కువగా ఈ పద్ధతిలోనే. రెజిన్ దాటిన నీటిలో మీటరు సున్నా చూపిస్తుంది.

అయితే నేరుగా బోరు నీటినే రెజిన్‌లో పోస్తే పోదా? ఈ లెక్క కాగితం మీద రాసుకోండి. ఒక లీటరు మిశ్రమ రెజిన్ సుమారు 25 గ్రాముల లవణం పట్టుకుంటుంది. పది లీటర్ల రెజిన్ అయితే 250 గ్రాములు. 1,500 ఉన్న బోరు నీరు పోస్తే 170 లీటర్లు తిరిగేలోపే రెజిన్ అయిపోతుంది. అంటే ఒక పూట పనికి కూడా చాలదు. ఆర్.ఓ. దాటిన 75 నీరు పోస్తే 3,300 లీటర్ల దాకా వస్తుంది. లవణం 25 మాత్రమే ఉన్న నీరు దొరికితే 10,000 లీటర్లు. రెజిన్ ఖరీదైనది. అందుకే ఆర్.ఓ. ముందు, రెజిన్ తర్వాత.

అటువంటి 25 నీరు ఎక్కడ దొరుకుతుంది? మన మిద్దె మీద పడుతుంది. వాన నీరు సహజంగా శుద్ధిచేసిన నీరే. తమిళనాడులో 2003లోనే ప్రతి కట్టడానికీ వాన నీటి సేకరణను తప్పనిసరి చేశారు. 100 చదరపు మీటర్ల మిద్దె, అంటే దాదాపు వెయ్యి చదరపు అడుగులు. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాని మీద 90,000 లీటర్లు పడుతుంది. అయిదో వంతు వృథా పోయినా 72,000 లీటర్లు. బ్రష్షు కర్రకు నిమిషానికి ఒకటిన్నర లీటరు, రోజుకు నాలుగు గంటల పని అనుకుంటే 360 లీటర్లు. లెక్క కడితే 200 రోజుల పని! అంతా నిలవ చెయ్యలేము, ఒప్పుకుంటాను. కానీ 10,000 లీటర్లు పట్టే తొట్లున్నా, ఒకసారి నిండితే నెలకు దగ్గరగా పని జరుగుతుంది. మొదటి వాన మిద్దె కడిగి పోనివ్వాలి. తర్వాతి నీటినే మూత ఉన్న ప్లాస్టిక్ తొట్టిలో పట్టాలి. సిమెంటు, సున్నం తగిలితే మళ్ళీ లవణం చేరుతుంది. వానలున్నప్పుడు వాన నీరు, ఎండాకాలంలో ఆర్.ఓ. ఇలా రెండూ పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది.

రోజూ పని మొదలుపెట్టే ముందు మీటరుతో చూడండి. 10 దాటితే రెజిన్ మార్చాలి. పాత రెజిన్‌కు ఆమ్లం, క్షారం పోసి ఇంట్లోనే బాగుచేద్దామని ప్రయత్నించవద్దు. అది ప్రమాదం. అమ్మినవారికే తిరిగి ఇవ్వడం మేలు. రెజిన్ లవణాలను తీస్తుంది గానీ క్రిములను చంపదు. కాబట్టి ఆ నీటిని తాగడానికి వాడకండి.

బండి సంగతి. 500 లీటర్ల నీరంటే 500 కిలోల బరువు. తొట్టి, మోటారు, మనుషులు వేరే. మన తమిళ సోదరులు కుట్టి యానై అని పిలిచే చిన్న లారీ అయినా ఎంత మోయగలదో చూసి ఎక్కించండి. సగం నిండిన తొట్టి మలుపుల్లో ఒక పక్కకు ఒరుగుతుంది. గట్టిగా కట్టాలి.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. కరెంటు తీగలు దగ్గర ఉన్నచోట ఆ కర్ర ఎత్తవద్దు. అల్యూమినియం కర్ర గాని, కార్బన్ కర్ర గాని విద్యుత్తును ప్రవహింపజేస్తాయి. శుద్ధమైన నీటిలో కరెంటు పారదని ఎవరైనా అంటే నమ్మవద్దు. గోడ మీది దుమ్ము కలిసిన క్షణంలోనే అది మామూలు నీరవుతుంది. తీగ కనబడితే పని మానుకుని రండి. ఆ రోజు కూలి పోయినా మనిషి మిగులుతాడు.

చివరిగా, ఆర్.ఓ. వెనక మిగిలే నీరు. సగం నీరు శుద్ధమై వస్తే, మిగతా సగంలోకి ఉప్పంతా చేరుతుంది. 1,500 ఉన్నది 3,000కు దగ్గరవుతుంది. దాన్ని ఎక్కడ పొయ్యాలి? బావిలో పొయ్యకూడదు, ఇంకుడు గుంతలోకి వదలకూడదు, చెట్లకు పెట్టకూడదు. నేల కడగడానికి, మరుగుదొడ్డికి వాడుకోవాలి. ఎంత నీరు ఎటు పోతుందో ముందే ఆలోచించి, బోరు నీటిని వ్యాపారానికి వాడడానికి ఏ అనుమతి కావాలో స్థానిక సంస్థలో అడిగి, ఆ తర్వాతే ఆర్.ఓ. బిగించండి.

ఈ ఒక్క విషయంలో మన ప్రాంతానికి మించిన పాఠశాల లేదు. తోళ్ళ పరిశ్రమల మురుగు పాలారు పరివాహక ప్రాంతంలో నేలనూ బావులనూ ఎలా ఉప్పెక్కించిందో వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట రైతులకు తెలుసు. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పాడుచేసినవారే నష్టాన్ని భరించాలన్న సూత్రం మన దేశపు చట్టంలో భాగమేనని చెప్పింది. ఈ దేశంలో పర్యావరణ న్యాయం చదివే ప్రతి విద్యార్థీ వేలూరు పేరు చదువుతాడు. గొప్పే గానీ, ఆ గొప్ప మన బావుల ఖర్చుతో వచ్చింది. పెద్ద పరిశ్రమ చేసిన తప్పును చిన్న వ్యాపారం కొలత తగ్గించి మళ్ళీ చెయ్యకూడదు. ఒకరి ఇంటి అద్దం మెరవడం కోసం పక్క ఇంటి బావి ఉప్పెక్కితే అది శుభ్రం చేయడం అనిపించుకోదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ఆదివారం ఒక చిన్న పని చేసి చూడండి. ఒక నల్లటి పలక మీద మీ బోరు నీరు ఒక చుక్క, క్యాను నీరు ఒక చుక్క, పట్టిపెట్టిన వాన నీరు ఒక చుక్క వేసి ఎండనివ్వండి. మూడు మచ్చలనూ పోల్చండి. ఏ నీటితో వ్యాపారం మొదలుపెట్టాలో ఆ పలకే మీకు చెబుతుంది.